సాంబా రిజిస్టరులో నా పేరు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను ఉదయగిరి నుంచి ఆత్మకూరు సర్వే క్యాంపుకు డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను మండల సర్వేయరును. పదవీ విరమణకు మూడేళ్లుంది. క్యాంపు అంటే డేరాలేమీ ఉండవు. సెలవుల్లో ఖాళీగా ఉన్న ఒక బడిలో రెండు గదులు, నాలుగు బల్లలు, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. ఉమ్మడి పొలాన్ని కొలిచి, ఒక సర్వే నంబరును వాటాలవారీగా విడదీసి, ఒక్కో వాటాకు పటం గీసి ఇవ్వడం మా పని. దీన్నే ఉపవిభజన అంటారు. పటం మీద డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ సంతకం పడితేనే అది చెల్లుతుంది. ఆయన్ని మా శాఖలో డి.ఐ.గారు అంటాం.

ఉదయగిరిలో ఉన్నన్నాళ్లూ నేను గొలుసు లాగినవాణ్ణి. కొలత గొలుసుకు నూరు లింకులుంటాయి. కాబట్టి లింకు తెగిందని ఎవరైనా అంటే నాకు బెదురు లేదు. బెదురంతా కంప్యూటరు ముందు కూర్చోవడానికే. మౌసు పట్టుకుంటే నా చేతిలో అది నిజంగానే ఎలుకలా పారిపోయేది.

క్యాంపులోని రెండు కంప్యూటర్లలో ఒకటి పాతది, విండోస్‌తో నడిచేది. పెద్ద కాగితం తీసే ప్రింటరు దానికే తగిలించి ఉంది. రెండోది కొత్తది, లినక్స్‌తో నడిచేది. పటాలు గీసేది దాని మీదే. ఒకటి గీయగలదు, అచ్చు తీయలేదు. ఇంకొకటి అచ్చు తీయగలదు, పటమే దానికి అందదు. ఒకే గదిలో ఉండి మాట్లాడుకోని తోడికోడళ్లలా ఉండేవి.

మొదటి వారం మధ్యవర్తిత్వం పెన్‌డ్రైవు చేసింది. అందులో నేనే ఒక పొరపాటు చేశాను. సవరించిన పటం ఉండగా పాతది ప్రింటు తీసి సంతకానికి పెట్టాను. డి.ఐ.గారు సంతకం చేశారు. పొలంలో రాయి నాటే ముందు తప్పు దొరికింది కాబట్టి బతికాం. మర్నాడు ఆయన పెన్‌డ్రైవులన్నీ వసూలు చేసి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒక పటానికి ఒకే ఫైలు ఉండాలి, అది ఒకే చోట ఉండాలి, అందరూ అక్కడికే వచ్చి చూడాలి అన్నారు.

అలా చూడటానికి లినక్స్‌లో సాంబా అనే ప్రోగ్రాం ఉందని మా ఆపరేటర్ గ్రేసుమణి చెప్పింది. పేరు వినగానే మనవాడే అనుకుని కొంచెం ధైర్యం తెచ్చుకున్నాను. లినక్స్‌లోని ఒక ఫోల్డరును విండోస్‌కు అర్థమయ్యే భాషలో చూపించే దుబాసీ అది. పది రోజులు ఆమె దగ్గర పాఠం చెప్పించుకుని, నా కొలతల పుస్తకంలో కంప్యూటర్లను హద్దురాళ్లుగా, కేబులును గొలుసు గీతగా బొమ్మ వేసుకుని నేర్చుకున్నాను. విండోస్ ప్రింటరును లినక్స్ నుంచే వాడటానికీ ప్రయత్నించాం. కాగితం వచ్చింది, కానీ పటం కొద్దిగా కుదించుకుపోయింది. మా పనిలో పటం కుదించుకుపోతే పొలం కుదించుకుపోయినట్టే. అందుకని ఫోల్డరు లినక్స్‌లో, ప్రింటు విండోస్‌లో అని ఖాయం చేసుకున్నాం.

అన్నాళ్లూ ఆ ఫోల్డరు గ్రేసుమణి పేరుతోనే తెరుచుకునేది. క్యాంపు ఆఖరి రోజున ఆమె చెల్లెలి పెళ్లి, సంగం ఊళ్లో. ముందురోజు సాయంత్రం, నా పేరు నేనే చేర్చుకుంటానని గొప్పగా చెప్పి ఆమెను పంపేశాను. లినక్స్‌లో నా పేరు, పాస్‌వర్డు సృష్టించుకున్నాను. అడ్మినిస్ట్రేటర్ హోదా కూడా ఇచ్చుకున్నాను. నా సర్వీసులో అడగ్గానే దొరికిన ప్రమోషన్ అదొక్కటే. లినక్స్‌లో లాగిన్ అయి చూస్తే చక్కగా తెరుచుకుంది. విండోస్ వైపు నుంచి మాత్రం తెరిచి చూడలేదు. పొలం కొలిచి సరిచూపు గీత వేయని సర్వేయరుకు నేను మెమో ఇచ్చి ఉండేవాణ్ణి.

మర్నాడు మిగిలింది ఒకే ఒక్క పటం. మర్రిపాడు వైపు మూడెకరాల మెట్ట, పెంచలమ్మది. భర్త పోయాక ఆరేళ్లుగా ఆమె వాటా విడిపోలేదు. మరిది రమణయ్య సంతకానికి రాలేదు. ఆ రోజు ఊరి పెద్దలు చెప్పగా వచ్చాడు. నాలుగు గంటలకు డి.ఐ.గారి జీపు కలిగిరి క్యాంపుకు బయలుదేరుతుంది. రమణయ్య ఇవాళ సరేనన్నాడు, మళ్లీ పిలిస్తే వస్తాడో రాడో అతనికే తెలియదు.

రెండున్నరకు విండోస్‌లో ఫోల్డరు మీద నొక్కాను. పేరు అడిగింది. ఇచ్చాను. పాస్‌వర్డు అడిగింది. ఇచ్చాను. అనుమతి లేదంది. మళ్లీ ఇచ్చాను. మళ్లీ లేదంది. గ్రేసుమణి ఫోను స్విచాఫ్. చర్చిలో ఉంటుంది మరి.

సర్వేలో తెలిసిన రాయి నుంచి తెలియని రాయికి నడవడం పద్ధతి. అలాగే నడిచాను. కేబులు దీపాలు వెలుగుతున్నాయి. ఒక కంప్యూటరు నుంచి రెండోదాన్ని పింగ్ చేశాను, అంటే ఈ చివర నిలబడి ఆ చివరి మనిషిని కేకేయడం. బదులు వచ్చింది. దారి సరే, గడప దగ్గరే పేచీ.

రమణయ్య నా వెనకే నిలబడి చూస్తున్నాడు.

"ఏంది సారూ, మా చేను కొలిచేదానికి ఇంతసేపు పట్టలేదే! నా బస్సు వచ్చేస్తాది."

"కూర్చో రమణయ్యా," అంది పెంచలమ్మ. "ఆరేండ్లు నీకోసరం నేను కూర్చోలా? ఒక గంట నువ్వు కూర్చుంటే బస్సేం అలగదులే."

అతను కూర్చున్నాడు. ఆమె నావైపు తిరిగింది.

"నీ పేరే కదా కొడతా ఉండావు? నీ పేరుకే కాదంటాందా అది?"

లోపల నా పేరు ఉంది, అయినా రానివ్వడం లేదు అన్నాను.

"మాకు కొత్తా ఏంది సారూ! అడంగల్లో నా పేరు ఉండాది, వన్‌-బీలో లేదని నన్ను ఎన్నితూర్లు తిప్పినారు! ఒకటే ఆఫీసు, ఒకటే బీరువా, పుస్తకాలు మాత్రం రెండు. ఒకదాంట్లో రాస్తే రెండోదాంట్లోకి దానంతట అది పోదంట. మళ్లీ వేరేగా రాయించుకోమన్నారు."

అడంగల్ సాగు చేసేవారి పుస్తకం, వన్-బి హక్కుదారుల పుస్తకం. ఈ తేడా కొన్ని వందలమందికి విడమరిచి చెప్పి వెనక్కి పంపిన ఘనుణ్ణి నేను. నాకే చెప్పాల్సి వచ్చేసరికి ఒక మనిషి కావలసి వచ్చింది.

కొలతల పుస్తకం తిరగేశాను. గ్రేసుమణి చెబితే అర్థం కాకుండానే రాసుకున్న ఒక వాక్యం, ఏడో పేజీ అంచున ఉంది: 'సాంబాకు విడిగా చెప్పాలి.' కింద ఒక కమాండు. లినక్స్ తన మనుషుల పేర్లు తన పుస్తకంలో రాసుకుంటుంది. బయటినుంచి వచ్చేవాళ్లకు సాంబా తన పుస్తకం వేరే పెట్టుకుంటుంది. నేను మొదటిదానిలో పట్టాదారును, రెండోదానిలో అనామకుణ్ణి.

కొత్త కంప్యూటరు దగ్గరికి వెళ్లి ఆ కమాండు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. పాస్‌వర్డు రెండుసార్లు అడిగింది. పేరు చేర్చానంది. తిరిగి వచ్చి విండోస్‌లో నొక్కాను. ఫోల్డరు తెరుచుకుంది. అందులో పెంచలమ్మ సర్వే నంబరుతో ఒకే ఒక్క ఫైలు. నేను అరిచిన అరుపుకు పక్క గదిలోంచి డి.ఐ.గారు పెన్ను మూత పెట్టకుండానే వచ్చారు.

ప్రింటరు కాగితాన్ని నింపాదిగా బయటికి తోసింది. ఆయన స్కేలు ఆనించి రెండు భుజాలు కొలిచారు. పటం మీది అంకెలతో సరిపోయాయి. సంతకం చేశారు. రమణయ్య సంతకం చేశాడు. పెంచలమ్మ వేలిముద్ర వేస్తుందని అంతవరకూ అనుకున్నాను. పెన్ను తీసుకుని, ఇంటిపేరుతో సహా పొడుగ్గా, గీత దాటకుండా రాసింది. గడియారం చూస్తే మూడూ నలభై.

"సుబ్బయ్యగారూ, ఈ ఏర్పాటు కలిగిరిలో కూడా పెట్టండి," అన్నారు డి.ఐ.గారు జీపెక్కుతూ. పెట్టాను. అక్కడ గ్రేసుమణి, నేను కలిసి ప్రింటరును లినక్స్ నుంచే వాడే మార్గమూ సాధించాం. 'కాగితానికి సరిపెట్టు' అనే గుర్తు తీసేస్తే పటం కుదించుకుపోవడం ఆగింది. ఆ క్యాంపులో ఒక్క పటం కూడా తప్పు కాపీతో సంతకానికి వెళ్లలేదు. నేను రాసిన ఒక పేజీ విధానం చుట్టుపక్కల క్యాంపులకూ వెళ్లింది. అందులో ఆరో అంశం: పేరు చేర్చాక అవతలి కంప్యూటరు నుంచి తెరిచి చూడవలెను.

ఈ ఉదంతం వల్ల నాకు తెలిసింది ఇది. ఒక వ్యవస్థ కాదన్నప్పుడు, ఎందుకు కాదన్నదని అడిగే ముందు, అందులో కాదన్నది ఎవరని అడగాలి. ఆ తర్వాతి మూడేళ్లూ నేను అర్జీలు తిప్పి పంపినప్పుడు 'పేరు లేదు' అని రాయలేదు. ఏ పుస్తకంలో లేదో, దాన్ని ఎవరు రాస్తారో, ఏ బల్ల దగ్గర కూర్చుంటారో రాశాను. రెండోసారి తిరగవలసి వచ్చినవాళ్లు బాగా తగ్గారు.