సర్దారు పెట్టె శ్రుతి

గోవిందును ఓడ ఎక్కించిన ఆర్కాటి, అదే కూలీలను పోగుచేసేవాడు, మహా మాటకారి. "ఫిజీలో రాజుగారి మేళం ఉందిరా, సన్నాయి ఊదడమే నీ పని, తలపాగా కూడా వాళ్లే ఇస్తారు" అన్నాడు. అక్కడి నవువాలో దిగితే రాజూ లేడు, తలపాగా లేదు, చెరకు తోటా చేతికో పారా ఉన్నాయి. డిపోలో జుట్టు కోశారు. గిర్మిట్ అనే కూలీ ఒప్పందం కాగితంలో పేరు కూడా సగం కోసి "గోవి" అని రాసుకున్నారు. ఎవరూ కోయనిది సన్నాయి నోట ఉన్న పీక ఒక్కటే. ఊరి రెల్లుతో అయ్య స్వయంగా కట్టిచ్చినది.

మిగతా మూడు పీకలూ ఓడలోనే ఉప్పుగాలికి పగిలిపోయాయి. ఇక్కడి ఏటిగట్టు రెల్లు తెచ్చి, నానబెట్టి, రాగి గొట్టానికి దారంతో బిగించి, దారానికి మైనం రాసి ఎన్ని కట్టాడో! అన్నీ మేకపిల్లల్లా అరిచాయి.

ఇంతలో కూలీ లైన్లలో రామనవమి వచ్చింది. కూలీలపై పెత్తనం చేసే సర్దారు మున్సామి సువా పట్నం నుంచి హార్మోనియం పెట్టె తెప్పించాడు. ఆ మహానుభావుడికి తెలిసినవి నాలుగు మెట్లు. అవి నొక్కితే సన్నాయి శ్రుతి దానికి ఒక పిసరు కింద పలికింది.

"అరే గోవిందూ, తోట దొర ముందర నా ఇజ్జత్ తీస్తావా?"

"పెట్టే కొంచెం ఎక్కువుంది సర్దారూ."

"సువా పెట్టె తప్పు పలుకుతుందా? నీ పీకదే తప్పు. మొన కత్తిరించు. ఆ ముక్క పొద్దున్నే నా చేతిలో పెట్టు. లేదంటే పండగ పూట కూడా కలుపుకి పోతావు!"

మొన కత్తిరిస్తే శ్రుతి పెరిగేమాట నిజమే. కానీ వెంట్రుకవాసి ఎక్కువ తెగిందా, ఇక అది పొయ్యిలో పుల్ల. పీకను గొట్టం మీదికి ఇంకాస్త నొక్కి చూశాడు గోవిందు. చాలలేదు.

"ఏటయ్యా, ఆడి కూతకి మా మావ కట్టిన పీక కోసేత్తావేటి? నీకు సేతులెలాగొత్తాయి?" అంది పెళ్లాం రంగమ్మ. గోవిందుకు ఏడుపొచ్చింది.

పాపం, దారి చూపింది మళ్లీ సర్దారే. సాయంత్రం పెట్టెకి కొబ్బరినూనె రాసి తళతళలాడించమని గోవిందుకే అప్పజెప్పాడు. మూత తీస్తే లోపల వరసగా ఇత్తడి నాలుకలు. ఓరి నీ దుంపతెగ, ఇవీ పీకలే! కొస బరువెక్కితే శ్రుతి దిగుతుంది, అంతేగా. దారానికి రాసే మైనం తీసి సర్దారుగారి నాలుగు మెట్ల నాలుకలకీ కొసన అద్దాడు. మెట్టు నొక్కడం, సన్నాయి ఊదడం, ఎక్కువైన మైనం గోటితో గీకడం. దీపాల వేళకి రెండూ ఒక్క గొంతయ్యాయి.

పొద్దున్నే గోవిందు సర్దారు అరచేతిలో చిన్న రెల్లుముక్క పెట్టాడు. నవువా ఏటిగట్టు రెల్లే.

దొర కుర్చీలో కూర్చున్నాడు. పెట్టే సన్నాయీ కలిసి పలికాయి. మున్సామి ముఖం వెలిగిపోయింది. పాట మధ్యలోనే జేబులోంచి ముక్క తీసి దొరకు చూపించాడు.

"చూడండి సార్, ఎంత పొగరుగా ఉండేవాడో. కోయించాను, దారికొచ్చాడు."

దొర తలూపాడు. మున్సామి ఆ ముక్కను రుమాల్లో చుట్టి, పతకంలా భద్రంగా దాచుకున్నాడు.

ఆడవాళ్లలో కూర్చున్న రంగమ్మ మొగుడి నోటికేసి చూసింది. పీక కొసదాకా ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో పక్కనున్నవాళ్లకి తెలియలేదు. గోవిందు బుగ్గలు పూరించి ఇంకా ఊదుతున్నాడు. అయ్య చుట్టిన ఎర్రదారం పెదవికి ఎప్పుడూ తగిలేచోటే తగులుతోంది.