మైనం పట్టని చలికాలం

మా వదిన చమురు కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. మా అన్నయ్య అదే కంపెనీ పంపుహౌస్‌లో పెద్ద ఆపరేటరు. ఒకే కంపెనీ కదా, చిలకా గోరింకల్లా ఉంటారనుకుంటున్నారేమో! చలికాలం వచ్చిందంటే ఆయనగారి మకాం ఊరి బయట పంపుహౌస్‌లోనే.

వాళ్ల ముడిచమురులో మైనం ఎక్కువ. చలికి అది గొట్టం లోపల పేరుకుంటుంది. లైను ఆపారా, చమురంతా కొవ్వొత్తిలా బిగుసుకుపోతుంది. అందుకని చలికాలమంతా పంపు ఆగకూడదు, అన్నయ్య అక్కణ్ణించి కదలకూడదు. పెళ్లైన దగ్గర్నుంచీ ఇదే వరస.

"ఇదేం కాపురం వదినా!" అని నేను దెప్పితే నవ్వేసేది. నవ్విందే గానీ, పట్టుబట్టి చమురులో కలిపే మందొకటి తెప్పించింది. మైనం పలుకులు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుందట అది.

"అంటే మైనాన్ని విడదీసి మొగుణ్ణి కలుపుకుంటావన్నమాట" అన్నాను.

"నీ నోరు పడిపోనూ!" అని నెత్తిన మొట్టింది.

ల్యాబులో ఎంత చల్లబరిచినా మందు కలిపిన చమురు చక్కగా జారింది. పంపుహౌస్‌లో మందు కలిపి పంపిన చమురు మాత్రం సీసా వంచినా కదల్లేదు. అదే మందు, అదే మోతాదు! మేనేజరు పెదవి విరిచాడు. ఇంకొక్కసారి చూసి, కుదరకపోతే మందు మానేద్దామన్నాడు. వదిన మొహం చూడలేకపోయాను.

మర్నాడు నన్ను వెంటేసుకుని పంపుహౌస్‌కి బయల్దేరింది. చూద్దుము కదా, మా అన్నయ్య మందు ఎక్కిస్తున్నది చమురు చల్లారాక, చిట్టచివరి కుళాయి దగ్గర!

"ఇక్కడెందుకు పెట్టావయ్యా?"

"చమురు వేడిచేసే హీటరు దగ్గరైతే, ఆ వేడికి మందు కంపు భరించలేం."

"ఓరి నాయనో! మైనం బిగుసుకున్నాక మందేస్తే ఏం లాభం? అది కరిగి ఉన్నప్పుడే కలపాలి. నా కాపురానికి నువ్వే అడ్డమన్నమాట!"

పంపుహౌస్ అంతా గొల్లున నవ్వింది. అన్నయ్య నాలిక్కరుచుకున్నాడు. అప్పటికప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుని, మందు గొట్టాన్ని హీటరు పక్కకి మార్చాడు.

ఆ చమురు లైనంతా నిండాక, ఒక పగలూ రాత్రీ పంపు ఆపేశారు. మర్నాడు పొద్దున అన్నయ్య మళ్లీ వేశాడు. ఒత్తిడి చూపించే ముల్లు పైకి పోయింది, ఇంకా పైకి పోయింది. వదిన నా చెయ్యి నలిపేస్తోంది. ఉన్నట్టుండి ముల్లు దిగొచ్చింది. అవతలి స్టేషన్ నుంచి ఫోను, చమురొస్తోందని! వదిన ఏడుస్తూ నవ్వుతోంది. మేనేజరు చప్పట్లు కొట్టాడు. నేనైతే సంతోషం పట్టలేక ఎగిరి గంతేశాను.

తర్వాత కొన్నాళ్లకి, ఎముకలు కొరికే చలిలో ఓ మధ్యాహ్నం, నేనూ వదినా భోజనం చేస్తుంటే తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురుగా అన్నయ్య. వదిన కంగారుపడి ఎంగిలి చేత్తోనే గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది? ఏం చెడిపోయింది?"

"ఏమీ చెడిపోలేదే. లైను ఆపి వచ్చాను" అన్నాడు అన్నయ్య, చెప్పులు విప్పుతూ. "నాకూ వడ్డించు."