నల్లంచులో నీలం పోగు

మా తాత భావనారాయణ చీరాల పేరాలలో గుంటమగ్గం మీద ముప్పై ఏళ్ళు చీరలు నేశాడు. ఆయనకు రెండు గొప్పలుండేవి. తెగిన పోగును తను ముడివేస్తే ఆ ముడి ఎక్కడుందో తనకే దొరకదని ఒకటి. బుద్ధెరిగాక డాక్టరు గడప తొక్కలేదని రెండోది. 1958 వానాకాలంలో ఈ రెండూ ఒకే చీర మీద పోయాయి.

ఆ చీరను మడతపెడుతూ మా నాయనమ్మ రాఘవమ్మ ఆగిపోయింది. నల్లంచులో మూరెడు పొడుగున సన్నగా నీలం గీత. నల్ల పోగు తెగితే తాత అక్కడ నీలం పోగు అతికాడు.

“ఇదేంటయ్యా?”

“మబ్బు పట్టింది గదే. చీకట్లో కనపళ్ళా.”

“చీకటి మగ్గం గదిలో ఉందా, నీ కంట్లో ఉందా?”

తాతకు ఇక దాచడం కుదరలేదు. రెండు నెలలుగా కళ్ళు మసకేస్తున్నాయనీ, ఎడమ కన్నయితే మరీననీ, పోగుల్ని చూసి కాదు, వేళ్ళతో తడిమి నేస్తున్నాననీ చెప్పేశాడు. డాక్టరు దగ్గరకు పోతే కంట్లో కత్తి పెడతాడని ఆయన భయం. చూపు పోతే మగ్గం పోతుందని అంతకన్నా పెద్ద భయం. మగ్గం తప్ప ఆయనకు వేరే పని రాదు.

రాఘవమ్మ ఆయన్ని రైలెక్కించి, తెనాలిలో బండి మార్పించి, గుంటూరు బ్రాడీపేటలో కంటి డాక్టరు జక్రయ్య గారి ముందు నిలబెట్టి, నల్లంచులో నీలం పోగు సంగతి చెప్పింది.

“కత్తి గానీ సూది గానీ తీశారంటే లేచి పోతానండి,” అన్నాడు తాత, ఇంకా కూర్చోకుండానే.

“రెండు చుక్కలు మందు, కాస్త వెలుగు. అంతకుమించి నీ కంటికి ఏదీ తగలదు. కూర్చోవయ్యా.”

డాక్టరు గారు ఎడమ కంట్లో చుక్కలు వేసి, కిటికీలు మూయించి, చిన్న దీపమున్న పనిముట్టును తన కంటికి ఆనించుకుని, తాత ముఖం మీదికి వంగారు. తాత ఊపిరి బిగబట్టాడు. కంటి గురించి కాదు, పొద్దున తిన్న ఎండుచేప వాసన ఎక్కడ తగులుతుందోనని.

చూడటం అయ్యాక డాక్టరు గారు కిటికీ తెరిపించి, కాగితం మీద పెద్ద సున్నా చుట్టి, అందులో ఎర్ర పెన్సిలుతో, నీలం పెన్సిలుతో తీగలు గీశారు. అక్కడక్కడా ఎర్ర చుక్కలు పెట్టారు. మందు వేయని కుడి కంటితో తాత దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

“బాగుందండి. ఏ చీరకండీ ఈ అంచు?”

నూలిచ్చి చీరలు నేయించుకునే మేస్త్రీ కొత్త అంచు నమూనాలు అట్లాగే గీసి పంపేవాడు. రంగు పెన్సిళ్ళకు ఇంకో పని ఉంటుందని తాతకు తెలియదు.

డాక్టరు గారు పగలబడి నవ్వారు. “ఇది నీ కంటి లోపలయ్యా! ఎర్రవి నెత్తురు తెచ్చే నాళాలు, నీలంవి తీసుకుపోయేవి. ఈ చుక్కలు నెత్తురు కారిన చోట్లు.”

ఎర్ర గీత నీలం గీతను దాటేచోట తాత వేలు ఆగింది. అక్కడ నీలం గీత నొక్కుకుపోయి ఉంది.

“ఎర్రపోగు బిగువెక్కువైందండి. కింద పోగుని నొక్కేస్తంది. ఇట్టా వదిలేస్తే తెగుద్ది.”

“ఇది అర్థం కావడానికి నాకు ఏడాది పట్టిందయ్యా,” అంటూ డాక్టరు గారు తాత చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టారు.

“కంటికి జబ్బయితే చేతికి కట్టు కడతారేంటండీ?” అంది రాఘవమ్మ.

“బిగువు నెత్తుట్లో ఉందమ్మా. కంట్లో బయటపడింది. రక్తపోటు బాగా ఎక్కువుంది. ఏం తింటావయ్యా?”

“ఏదో అన్నం, మజ్జిగండి.”

“అబద్ధమండీ! వాడరేవు ఎండుచేప లేందే ముద్ద దిగదు,” అంది రాఘవమ్మ.

ఆ రోజుతో ఎండుచేప బంద్. ఉప్పు చిటికెడు. రక్తపోటు తగ్గడానికి రోజూ సర్పగంధ మాత్రలు. తాత ఆ బొమ్మను అడిగి తెచ్చుకుని మగ్గానికి ఎదురుగా గోడకు అంటించాడు. చుట్టాలెవరైనా అదేంటని అడిగితే, పెళ్ళి ఫోటో చూపించినట్టు, “నా కన్ను” అనేవాడు.

మాకు ఈ కథ చెబుతూ ఇక్కడికొచ్చేసరికి తాత గొంతు తగ్గించేవాడు. మూడో వారంలోనే ఆయన మగ్గం గుంటలో, కాళ్ళతో తొక్కే చెక్కల వెనక, ఎండుచేపల పొట్లం దాచాడు మరి. నేస్తున్న చీర వాసన కొట్టింది. రాఘవమ్మ తిట్టలేదు. వేలికి కుంకుమ అద్దుకొచ్చి గోడమీది బొమ్మ ముందు నిలబడింది.

“ఇంకో చుక్క పెట్టనా?”

పొట్లం పిల్లికి పోయింది.

ఆరు నెలల తర్వాత డాక్టరు గారు మళ్ళీ దీపంతో చూసి రెండో బొమ్మ గీశారు. ఎర్ర చుక్కలు ఒక్కటీ లేవు. నీలం గీత మీద నొక్కు మాత్రం అట్లాగే ఉంది.

“ఇది ఉండిపోతుందయ్యా.”

“తెగలేదు గదండీ. చాలు.”

తాత సంచిలోంచి తను నేసిన తువ్వాలు తీసి రెండు చేతులా అందించాడు. తెల్ల తువ్వాలు, నల్లంచు. డాక్టరు గారు కిటికీ దగ్గర విప్పి చూసి గతుక్కుమన్నారు. నల్లంచులో ఈ కొస నుంచి ఆ కొసకు ఒక నీలం పోగు.

“ఏమయ్యా, మళ్ళీ మసకేసిందా?”

తాత ముఖమంతా నవ్వయింది.

“లేదండి. ఈసారి చూసే వేశా.”