బ్లాక్ లిస్టుకు ఒక సందు

మా కేబుల్ ఆఫీసులో ఇంటర్నెట్ తాళం సూర్యకళ చేతిలో ఉండేది. ఫ్రీబీఎస్‌డీ అనే సిస్టమ్ మీద నడిచే ఒక పాత కంప్యూటరు, అందులో నెట్టుకు కాపలా కాసే ఫైర్‌వాల్. అనకాపల్లిలో మేము నెట్టు ఇచ్చిన ఏ ఇంటి కంప్యూటరుకైనా వైరస్ పట్టి ఎడాపెడా కనెక్షన్లు తెరిస్తే, ఫైర్‌వాల్ ఆ ఇంటిని తనంతట తానే బ్లాక్ లిస్టులో వేసి నెట్టు కట్ చేసేసేది. ఆ రూలు రాసింది సూర్యకళే. మునగపాక చెరకు రైతు కూతురు. ఇంజినీరింగ్ చదవాలని ఉన్నా ఇంట్లో డిగ్రీతో ఆపేశారు. అయినా ధీమాకేం లోటు లేదు. "రూలు నేను రాసేను, తప్పుంటే సూపించండి" అనేది. కేబుల్ లాగేవాళ్ళం, మేమేం చూపిస్తాం, మా మొహం!

2009లో ఇంజినీరింగ్ సీట్లకు వెబ్ ఆప్షన్లు పెట్టే ఆఖరి సాయంత్రం, గవరపాలెంలో సూర్యకళతో ఉండి చదువుకుంటున్న ఆమె చెల్లెలు ఇందు ఫోన్ చేసింది.

"అక్కా, నెట్టు పోయింది. ఆప్షన్లు ఇంకా లాక్ సెయ్యనేదే!"

చూస్తే వాళ్ళ ఇల్లు బ్లాక్ లిస్టులో ఉంది. సూర్యకళ తీసేసింది. నిమిషం తిరక్కుండా మళ్ళీ పడింది. వైరస్ అలాగే ఉంది మరి.

మా ఓనరు త్రినాధరావు గారు కంగారు పడ్డారు. "ఈ పూటకి ఫైర్‌వాల్ ఆపెయ్యమ్మా."

"ఆపితే ఆ వైరస్‌లు లైనంతా మింగేత్తాయండి. ఊళ్ళో మిగతా పిల్లలూ ఇప్పుడే పెడతన్నారు."

నాకు ఒళ్ళు మండింది. "సొంత సెల్లెలి సీటు కన్నా నీకు రూలే ఎక్కువైపోయిందేటి?"

"ఉండు బుల్లిబాబూ, అదే సేత్తన్నాను."

బ్లాక్ చేసే రూలుకన్నా ముందు చెల్లేలా దాని పైన ఇంకొకటి రాసింది: లిస్టులో ఉన్న ఏ ఇల్లైనా ఆప్షన్లు పెట్టే కౌన్సెలింగ్ సైటుకు వెళ్ళవచ్చు, ఇంకెక్కడికీ వీల్లేదు. చెల్లెలికి ఒక్కదానికే రాసుకోవచ్చు. రాసుకోలేదు.

కాసేపటికి ఫోన్‌లో ఇందు అరిచిన అరుపు మాకందరికీ వినబడింది. "లాక్ అయిపోయిందక్కా! ఇంక నెట్టంతా ఇచ్చెయ్, పాటలు ఇనుకుంటాను."

"వైరస్ తీసేదాకా ఇవ్వను" అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది సూర్యకళ. తనకు అందని చదువు మరి.

అప్పుడు స్క్రీను చూశాను. అదే సందులోంచి బ్లాక్ అయిన ఇళ్ళు ఇంకా కొన్ని ఆ సైటుకు వెళ్తున్నాయి. ఎవరి పిల్లలో ఏమో. నా మాటకు నాకే సిగ్గేసింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ ఇళ్ళవాళ్ళు మాకు ఫోనైనా చెయ్యలేదు.