అలారం మోగితే ముందు ఎవరిని చూడాలి

మా వదినకు రాతపరీక్షలంటే లెక్కే లేదు. ఊపిరితిత్తుల గురించీ, ఐసీయూలో ఊపిరాడనివాళ్లకు పెట్టే వెంటిలేటర్ గురించీ ఎంత తిరకాసు ప్రశ్న వేసినా, కింద ఇచ్చిన నాలుగు జవాబుల్లో సరైనదాని మీద ఠక్కున వేలు పెట్టేస్తుంది. చిక్కంతా ఆ వేలితోనే వచ్చింది.

వదిన పెద్దాసుపత్రిలో ఐసీయూ డాక్టరు. పెళ్లి కాకముందు నుంచీ అక్కడే ఉంది. మంచాల మధ్య చెప్పుల చప్పుడు వినిపించకుండా తిరుగుతుంది. రోగికి స్పృహ ఉన్నా లేకపోయినా, "మీ పక్కకి వస్తున్నానండీ, చెయ్యి పట్టుకుంటాను" అని చెప్పి మరీ ముట్టుకుంటుంది. ఆ పని ఆమెకు ఎంత ఇష్టమంటే, సెలవు పెట్టి ఇంట్లో ఉన్న రోజు కూడా మధ్యాహ్నానికల్లా ఫోన్ చేసి, కిటికీ పక్క మంచం తాతగారు నీళ్లు తాగారా అని కనుక్కుంటుంది. మా ఇంట్లో ఎవరికీ ఆ తాతగారు తెలియరు. అయినా ఆయన తాగారని వినేదాకా మేమూ కాఫీ తాగకుండా కూర్చునేవాళ్లం.

ఇంతలో ఆసుపత్రి వాళ్లు కొత్త నియమం పెట్టారు. ఇకమీదట ఐసీయూలో ఉండాలంటే దానికి సంబంధించిన పెద్ద పరీక్ష ప్యాసై తీరాలి. కాకపోతే కింది అంతస్తులో ఓపీలో కూర్చుని దగ్గులకూ జలుబులకూ మందులు రాసుకోవాలి. అది తక్కువ పని అని ఎవరూ అనరు, కానీ వదిన పని అది కాదు. ఆ పరీక్ష ముచ్చటగా మూడుసార్లు మాత్రమే రాయనిస్తారు. వదినకు రెండు అవకాశాలు అయిపోయాయి. రెండుసార్లూ రాతపరీక్షలో మొదటి వరుసలో నిలిచి, ప్రాక్టికల్‌లో తప్పింది.

ఆ ప్రాక్టికల్ ఎలా ఉంటుందంటే, గది మధ్యలో ఒక మంచం, దాని మీద మనిషంత ప్లాస్టిక్ బొమ్మ. దాని ఛాతీ లేచి పడుతూ ఉంటుంది. ఊపిరి అందకపోతే పెదాల దగ్గర నీలం లైటు వెలుగుతుంది. గొంతులోకి గొట్టం, ఆ గొట్టానికి వెంటిలేటర్. పక్కన కుర్చీల్లో ఇద్దరు పరీక్షకులు. ఉన్నట్టుండి వెంటిలేటర్ అలారం మోగుతుంది. ఏం చేస్తారో చెయ్యండి అని వాళ్లు చేతులు కట్టుకుని చూస్తారు.

వదిన చేసిందల్లా, ఠక్కున వెళ్లి అలారం నోరు మూయించే బటన్ నొక్కడం. ఐసీయూలో పనిచేసే వాళ్లందరి చెయ్యీ అలాగే పోతుందట. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఏదో ఒక మంచం దగ్గర ఏదో ఒకటి కీచుమంటూనే ఉంటుంది. ఆ కూత వింటే అద్దం అవతల నిలబడ్డ బంధువుల ముఖాలు పాలిపోతాయి, రోగికి గుండె దడ పుడుతుంది. పాపం వాళ్లు భయపడకూడదని వదిన ముందు కూత ఆపి, తర్వాత సంగతి చూస్తుంది. మంచి మనసుతో పట్టిన అలవాటు కాబట్టే వదలడం కష్టమైంది.

మా అన్నయ్యకు ఈ సంగతి అందరికంటే ముందు తెలుసు. వాడు ఆసుపత్రి యంత్రాలు బాగుచేసే మెకానిక్కు. చాలా ఏళ్ల కిందట వాళ్ల ఐసీయూకి వెళ్లి, "ఈ బటన్ మీద గంట బొమ్మ అరిగిపోయింది, ఇదెవరి ఘనకార్యం?" అని అడిగాడట. "నాదేనండీ," అందట వదిన. వాళ్ల ప్రేమకథ అక్కడ మొదలైంది. ఆ బటన్ తమను కలిపినందుకు సంతోషించాలో, ఇప్పుడు కొంప ముంచుతున్నందుకు ఏడవాలో తెలియని స్థితిలో ఉన్నాడు వాడు.

రెండోసారి తప్పాక ఐసీయూ పెద్ద డాక్టరే వదినను కూర్చోబెట్టి చెప్పారు. "నీకు తెలియక కాదమ్మా. అక్కడ బొమ్మ పెదాలు నీలంగా మారుతుంటే నువ్వు యంత్రం వైపు తిరిగావు. నీ చెయ్యి ముందు పోతోంది, చూపు వెనక పోతోంది. ఆ ఒక్కటీ సరిచేసుకో."

నేను బళ్లో లెక్కలు చెబుతాను. పరీక్షలు పెట్టే జాతి నాది. తెలియక తప్పితే ఊరుకుంటాను గానీ, వచ్చిన లెక్క తప్పు చేసి వస్తే నాకు ఒళ్లు మండుతుంది. వదిన మీదా మండింది. ఆ వారమే మా ముందుగదిని పరీక్ష గదిగా మార్చేశాను.

మడత మంచం మీద అమ్మను పడుకోబెట్టాం. మా అమ్మకు ఉబ్బసం ఉంది. కాబట్టి రోగి వేషానికి తనకంటే తగినవాళ్లు లేరని ఆవిడే ముందుకొచ్చింది. అన్నయ్య తన పని బల్ల దగ్గర కూర్చుని, పాత సామాన్లతో ఒక పెట్టె తయారు చేశాడు. మీట వేస్తే అచ్చం వెంటిలేటర్ లాగే కీచుమంటుంది, ముందు ఎర్ర బటన్ కూడా ఉంది. నేను పరీక్షకురాలిలా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

అలారం మోగింది. అమ్మ కళ్లు తేలేసి, "అమ్మో, నేను పోతే బాల్కనీలో మొక్కలకి నీళ్లెవరు పోస్తారర్రా," అని మూలగడం మొదలుపెట్టింది.

"అమ్మా, నీ గొంతులో గొట్టం ఉంది. నువ్వు మాట్లాడకూడదు," అన్నాను.

"గొట్టం ఉంటే మాత్రం మొక్కలు ఎండిపోవా?"

ఈ గొడవలో మేము చూడనే లేదు, వదిన అప్పటికే ఎర్ర బటన్ నొక్కేసింది. మళ్లీ మోగించాం. మళ్లీ నొక్కింది. వేలికి రిబ్బను కట్టాం, రిబ్బనుతో సహా నొక్కింది. చేతులు జేబుల్లో పెట్టుకోమంటే, అలారం మోగగానే చెయ్యి లాగిన ఊపుకి జేబు చిరిగింది. వంటింట్లో కుక్కర్ కూస్తే పరుగు, వాషింగ్ మెషిన్ పీకు పీకుమంటే పరుగు. ఆఖరికి వీధిలో ఎవరో కారు వెనక్కి తీస్తుంటే గాల్లోకి వేలు లేచింది. మాకు తల ప్రాణం తోకకొచ్చింది. వదిన నవ్వుతూనే ఉండేది గానీ, రాత్రి భోజనం దగ్గర సగం కంచంలోనే వదిలేసేది.

కిటుకు కనిపెట్టింది అమ్మే. "చెయ్యిని కట్టేస్తే ఊరుకుంటుందా? దానికి వేరే పని చెప్పాలి. ఇలా రా అమ్మాయ్. మోగగానే ఆ చెయ్యి తెచ్చి నా మీద పెట్టు. ఇదిగో, ఇక్కడ," అని తన గుండెల మీద చూపించింది. "నేను ఊపిరి తీస్తున్నానో లేదో చూడు. తర్వాత నీ ఇష్టం వచ్చిన బటన్ నొక్కుకో."

అప్పటినుంచి అదే సాధన. అలారం మోగడం, వదిన చెయ్యి ఎర్ర బటన్ దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి తిరిగి అమ్మ గుండెల మీద వాలడం. "అత్తయ్యా, కంగారు పడకండి, నేనిక్కడే ఉన్నాను," అనడం. రానురాను చెయ్యి బటన్ వైపు పోవడం తగ్గింది. కుక్కర్ కూసినా అమ్మ ఎక్కడుందా అని వెతుక్కుంటూ వచ్చి చెయ్యి వేసేది. రెండుసార్లు పప్పు మాడింది, అది వేరే సంగతి.

మధ్యమధ్య నేను పుస్తకంలోంచి ప్రశ్నలు వేసేదాన్ని. ఒకరోజు ఒకటి అడిగాను. "ఉబ్బసంతో వచ్చిన మనిషి ఎగశ్వాసతో కొట్టుకుంటూ, పిల్లికూతలు పెడుతూ ఉన్నాడు. కాసేపటికి కూతలు ఆగి నిశ్శబ్దంగా అయిపోయాడు. బాగుపడ్డట్టా, కాదా?"

"బాగుపడ్డట్టే," అన్నాడు అన్నయ్య, ఎవరూ అడక్కుండానే.

"కాదండీ," అంది వదిన. "కూత రావాలన్నా లోపలికి గాలి పోవాలి కదా. అలిసిపోయి గాలి పీల్చుకోలేకపోతున్నాడు. అదే అన్నిటికంటే ప్రమాదం. అప్పుడు ఒక్క క్షణం ఆలస్యం చేయకూడదు."

అమ్మ ఇదంతా శ్రద్ధగా విని, అయితే ఇకనుంచి తను ఇంకా గట్టిగా మూలుగుతానంది, మాకు ధైర్యంగా ఉంటుందని.

పరీక్ష దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం, అన్నయ్య పెట్టెలో వైరు ఊడితే ముందుగదిలోనే సీసం కరిగించి అతుకు వేస్తున్నాడు. గదిలో కాలిన వాసన, సన్నగా పొగ. అతుకు వేయడం అయ్యాక పరీక్ష మొదలుపెట్టాం. అలారం మోగింది. అమ్మ మూలగలేదు. మొక్కల గురించి మాట్లాడలేదు. లేచి కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి నేల వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఏంటమ్మా, ఇవాళ అస్సలు బాగా చెయ్యట్లేదు," అన్నాను నేను.

అప్పటికే వదిన చెయ్యి అమ్మ గుండెల మీద ఉంది. నవ్వుతున్న ముఖం ఒక్కసారిగా మారిపోయింది. "ఇది వేషం కాదు," అంది. గొంతు మాత్రం పెంచలేదు. "ఏవండీ, కిటికీలు తీసి కారు బయటికి తియ్యండి. నువ్వు ఇన్‌హేలర్ పట్రా, పరిగెత్తు. అత్తయ్యా, కంగారు పడకండి, నేనిక్కడే ఉన్నాను."

పెట్టె ఇంకా కీచుమంటూనే ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. నేను ఇన్‌హేలర్ తెచ్చి ఇచ్చాను. వదిన ఒక చేత్తో మందు పట్టిస్తూ, రెండో చెయ్యి అమ్మ గుండెల మీంచి తియ్యకుండానే కారెక్కించింది. ఆసుపత్రిలో ఆక్సిజన్, మందు ఆవిరి పెట్టాక అమ్మకు మళ్లీ పిల్లికూతలు మొదలయ్యాయి. జీవితంలో మొదటిసారి ఆ కూతలు విని మేమందరం సంతోషించాం. కాస్త మాట వచ్చాక అమ్మ చేసిన మొదటి పని, పొగ పెట్టినందుకు అన్నయ్యను తిట్టడం. వాడు తల వంచుకుని హాయిగా తిట్లు తిన్నాడు.

అమ్మ ఇంటికొచ్చిన కొన్నాళ్లకే పరీక్ష. ఫలితం అదే సాయంత్రం ఫోన్‌లో చెబుతారు. వదిన పరీక్ష ముగించుకుని వచ్చి, చెప్పులు విప్పి, మడత మంచం మీద అమ్మ పక్కన కూలబడింది.

"పోయింది అత్తయ్యా," అంది.

"బటన్ నొక్కావా?"

"నొక్కలేదు. అంతకంటే ఘోరం చేశాను."

జరిగింది చెప్పింది. కళ్లజోడు పెట్టుకున్న ఆయన, తెల్లజుట్టావిడ పరీక్షకులు. అలారం మోగింది. చెయ్యి లేచి నేరుగా బొమ్మ గుండెల మీద వాలింది. అక్కడిదాకా బ్రహ్మాండం. చెయ్యి వాలగానే నోరు కూడా తన పని తాను చేసుకుపోయింది. "అత్తయ్యా, కంగారు పడకండి, నేనిక్కడే ఉన్నాను," అని గదంతా వినపడేలా అనేసింది, ప్లాస్టిక్ బొమ్మతో.

కళ్లజోడాయన చేతిలో పెన్ను ఆగిపోయిందట. వదినకు భూమిలోకి పోదామనిపించింది. కానీ చేతి కింద కుడివైపు లేస్తోంది, ఎడమవైపు లేవడం లేదు. సిగ్గుపడటానికి తీరిక లేదు. మెడ చూసింది, శ్వాసనాళం పక్కకి ఒరగకుండా నడిమధ్యనే ఉంది. స్టెత్ పెట్టింది, ఎడమవైపు చప్పుడు లేదు. పెదవి దగ్గర గొట్టం మీది గుర్తు చూస్తే, ఉండాల్సిన దానికంటే లోపలికి పోయి ఉంది. "గొట్టం జారి కుడి ఊపిరితిత్తి దారిలోకి దిగిపోయింది, కొద్దిగా వెనక్కి తీస్తున్నాను," అని పైకి చెప్పి, తీసి, మళ్లీ చెయ్యి వేసి చూసింది. రెండువైపులా లేచాయి. బటన్ ఎవరూ నొక్కకుండానే అలారం దానంతటదే ఆగిపోయింది.

"అంతా అయ్యాక కళ్లజోడాయన, 'ఇందాక ఎవరినో పిలిచారు' అన్నారు. మా అత్తగారినండీ అన్నాను. 'ఆవిడ డాక్టరా?' అన్నారు. కాదండీ, పేషెంటు అన్నాను. ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుని ఏదో రాసుకున్నారు. నాకు మతి పోయిందనుకుని ఉంటారు."

అన్నయ్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అమ్మ మాత్రం నవ్వలేదు. చాలా సీరియస్‌గా అడిగింది.

"మరి నేను బతికానా?"

"బతికారు అత్తయ్యా. రెండువైపులా ఊపిరాడింది."

"అంతే చాలు. ఇంక వాళ్లేమనుకుంటే మనకేం?" అని అమ్మ వదిన తల నిమిరింది. వదినకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని నెలల్లో ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు, నాకూ ఆగలేదు.

అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. వంటింట్లోంచి అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. నేను లేచాను. వదిన చెయ్యి లేచింది. ఫోన్ వైపు పోలేదు. వెళ్లి అమ్మ గుండెల మీద వాలింది. ఆమె అమ్మ ముఖంలోకి చూసింది.

"నాకేం కాలేదే తల్లీ, ఫోనెత్తు," అంది అమ్మ.

వదిన రెండో చేత్తో ఫోన్ తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుని, "అవునండీ," అంది. కాసేపు విని, "సరేనండీ," అంది. ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"ఏమన్నారు?" అన్నయ్యా నేనూ ఆ ఫోన్ వైపే చూస్తూ ఒకేసారి అడిగాం.

అమ్మ ఫోన్ వైపు చూడలేదు. వదిన ముఖం వైపు చూసింది.

"ప్యాసైంది," అంది మాతో.