తెక్కలకోట బస్సులో స్పానిష్ పాఠం

బస్సు మా కాలనీ దగ్గర ఆపమని డిపోకు ఏళ్లుగా అర్జీలు రాస్తున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు. మొన్న కూడా తెక్కలకోట స్టాండుదాకా నడిచి, ఆ కోపంతోనే బళ్ళారి బస్సెక్కాను.

పక్క సీట్లో కూర్చున్న నర్సమ్మాయి ఒక నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. మా చర్చి పిల్లలు వాక్యం అప్పజెప్పే ముందు పెద్దవాళ్లకు బైబిలు ఇచ్చినట్టే ఇచ్చింది. అందులో స్పానిష్ మాటలు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి.

"తప్పు పోతే చెప్పప్పా. పది గంటలకు ఫోన్లో పరీక్ష ఉండాది. పాసైతే స్పెయిన్‌లో పని."

"ఏంది ఇది?"

"జరగనిదాన్ని జరిగితే అనుకొని చెప్పేది. ఆబ్లారా, నేనే మాట్లాడేటట్టుంటే. కోమియేరా, తినేటట్టుంటే. బిబియేరా, బతికేటట్టుంటే."

"ఈడ తెలుగులో అడిగితేనే పలికేటోళ్లు లేరు. ఆడ నీ మాట ఎవురు వింటార్లే," అని పుస్తకం ఆమె ఒళ్లో పడేశాను.

ఆమె పుస్తకం మూసి, కళ్లు మూసుకుని మెల్లగా చెప్పుకుంది. 'మేము మాట్లాడేటట్టుంటే' దగ్గర ఆగిపోయింది.

"ఆబ్లారామోస్. సరేనా అప్పా?"

ఆ మాట పుస్తకంలో నేను అంతకుముందే చూశాను. అయినా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బళ్ళారి గాంధీనగర్‌లో ఆమె దిగేదాకా తల తిప్పలేదు. డిపోవాళ్లు కూడా నా పక్కన కూర్చుని ఇలా జవాబు ఎగ్గొట్టలేదు.

నువ్వు చెప్పింది సరైనదే, తల్లీ. పరీక్ష ఏమైంది? ఇది చదివితే చెప్పు. నాకు జవాబు కావాలి.