చెల్లెలి పెళ్ళి క్యాసెట్

మొన్న టీవీ కొందామని వెళ్తే, మా ఆయన షాపులో ఉన్న నాలుగు రకాలూ తడిమి చూసి, "ఇప్పుడే వద్దులే, ఆర్నెల్లు ఆగితే ఏది నిలబడుతుందో తేలిపోతుంది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. తొంభైల్లో మేము ఖతార్‌లో, దుఖాన్ కంపెనీ క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు ఈ మాట విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

ఆయన బ్రహ్మచారిగా ఉన్నప్పుడు, ఇండియా వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర బీటా రకం వీసీఆర్ కొన్నారట. నేను కాపురానికి వచ్చేసరికి దానికి సరిపడే క్యాసెట్ దోహాలో ఎక్కడా అద్దెకు దొరకడం లేదు. అది మంచం కిందకి చేరింది, ఆయనకి జ్ఞానోదయమైంది. చుట్టుపక్కల అందరూ వీహెచ్ఎస్ కొనుక్కుని, శుక్రవారాలు దోహా నుంచి తెలుగు సినిమాలు సంచీ నిండా తెచ్చుకుంటుంటే, ఈయన "లేజర్ డిస్క్ వచ్చాక టేపుల పని అయిపోయినట్టే" అనేవారు. పోనీ అదే కొనండి అంటే, "అందులో తెలుగు సినిమాలేవీ? రానీ" అనేవారు. ఆయిల్‌ఫీల్డ్‌కి పరికరాలు ఎంపిక చేసే ఇంజినీరు కదా, ఇంట్లోనూ అదే పద్ధతి.

సినిమాలు లేకపోతే పోయె అనుకున్నాను. కానీ మా చెల్లెలి పెళ్ళినాటికి నాకు ఏడో నెల. వెళ్ళలేకపోయాను. నెల తిరక్కుండా మా పుట్టింటివాళ్ళు క్యాసెట్ పంపారు, వీహెచ్ఎస్‌ది. "అప్పగింతలప్పుడు కెమెరా వైపు తిరిగి నీకో మాట చెప్పానక్కా, ఒక్కదానివే కూర్చుని చూడు" అంది చెల్లెలు ఫోన్లో. దేంట్లో చూడను? ఇప్పుడైనా కొనండని బతిమాలాను, ఏడ్చాను. "ఆర్నెల్లు ఆగు" అన్నారు. ఆ మనిషి మీద అంత కోపం మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

చివరికి ఎదురింటి కరీంనగర్ వదిన వాళ్ళ హాల్లో పెట్టుకున్నాం. నలుగురు ఆడవాళ్ళు, పళ్ళెం నిండా పకోడీలు, తలంబ్రాల దాకా చీరల మీద చర్చ. అప్పగింతలు మొదలవగానే వదిన నా మొహం చూసి, రిమోట్ అందుకుని టేపు గబగబా ముందుకు తిప్పేసింది. "నిండు నెలల దానివి, గీ ఏడ్పులు నీకెందుకు? మల్ల సూద్దువు తీ" అంది. మంచి మనసుతోనే అంది. నలుగురిలో వద్దనలేకపోయాను. తర్వాత కాన్పు, పసిపిల్ల. ఈలోగా వదిన వాళ్ళు ఎక్కడో దూరాన మెసయీద్ ఊరికి మారిపోయారు. ఇంకొకరింటికి వెళ్ళి ఏడవడానికి మొహం చెల్లలేదు. చెల్లెలు "చూశావా, విన్నావా?" అని అడిగితే, "విన్నానే" అనేశాను.

మా పాప బళ్ళో చేరాక, ఒక శుక్రవారం ఆయన వెలిగిపోతున్న మొహంతో అట్టపెట్టె మోసుకొచ్చారు. వీసీడీ ప్లేయర్. "ఇక ఇదే నిలబడుతుంది" అన్నారు. అదెంతకాలం నిలబడిందో అందరికీ తెలుసు. బీరువాలోంచి నేను తెచ్చిన క్యాసెట్ చూసి, అది ఇందులో పట్టదన్నారు. తర్వాత, సీడీలోకి ఎక్కిద్దామని దోహా తీసుకెళ్ళారు. టేపు చివరంతా బూజు పట్టిందని తేలింది. అప్పగింతల చోట తెల్లటి గీతలు, గరగర తప్ప ఏమీ లేదు.

పోయిన ఏడాది సిగ్గు విడిచి చెల్లెలికి నిజం చెప్పాను. "ఇంతకీ ఆ రోజు ఏం చెప్పావే?" అన్నాను. "గుర్తులేదక్కా" అంది. ఆ మాట చెప్పిన ఇరవై రెండేళ్ళ పిల్లా, దానికోసం ఏడ్చిన నేనూ ఎప్పుడో వెళ్ళిపోయాం. మిగిలిన ఇద్దరం మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుని ఫోన్ పెట్టేశాం.